అడుగున అంటిన ఎర్ర మన్ను: షినో పాత్రల పునరుద్ధరణపై ఒక కేస్ స్టడీ

ఒక కుమ్మరి చేతికి మరో కుమ్మరి చేసిన గిన్నె ఇస్తే ముందు దాన్ని బోర్లించి అడుగు చూస్తాడు. పైభాగం కొనేవాళ్ల కోసం తీర్చిదిద్దింది. అడుగులో మాత్రం చేసినవాడు దాచలేని సంగతులుంటాయి: మన్ను అసలు రంగు, సారె మీద నుంచి దారంతో కోసిన తీరు, పూత ఎక్కడ ఆగిందో, ఆవంలో ఆ గిన్నె దేని మీద కూర్చుందో. 1930 ఏప్రిల్‌లో నగోయా నగరంలో అరకావా తోయోజో అనే ముప్పై ఆరేళ్ల జపాన్ కుమ్మరి చేసింది కూడా ఇదే. ఆ ఒక్క చూపుతో, షినో అనే తెల్లపూత పాత్రలు పుట్టిన చోటుగా జపాన్ కుండల చరిత్రలో చెప్పుకునే ప్రాంతం పేరు మారింది, సుమారు మూడు వందల ఏళ్లుగా ఎవరికీ సరిగా పట్టుబడని ఒక పని మళ్లీ చేతికి వచ్చింది.

నేను స్టోన్‌వేర్, అంటే ఎక్కువ వేడిలో గట్టిగా కాల్చే మట్టి పాత్రల, పనిలో ఉండి పద్దెనిమిదేళ్లయింది. అందులో చివరి ఆరేళ్లు ఎక్కువగా షినో పూత మీదే గడిచాయి. అందువల్ల ఈ కేసును చరిత్ర విద్యార్థిగా కాక ఆవం ముందు నిలబడే మనిషిగా చదివాను. అరకావా గురించి రాసేవారు సాధారణంగా ఆయన పట్టుదల గురించి రాస్తారు. పట్టుదల ఉన్న కుమ్మరులు ఆ రోజుల్లో జపాన్‌లో చాలామందే ఉన్నారు, నాకు తెలిసిన ఊళ్లలోనూ ఉన్నారు. నా దృష్టిలో ఆయన ప్రత్యేకత, పూత తయారీ సూత్రం కోసం వెతకకుండా, ముందు ఆ పాత్ర ఎక్కడ కాలిందో తేల్చుకోవడంలో ఉంది.

అప్పటి పరిస్థితి

షినో అంటే మందపాటి తెల్లని పూత వేసిన స్టోన్‌వేర్. మొమొయామా కాలంలో, అంటే 16వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో, తేనీటి వేడుక జపాన్ పెద్దల జీవితంలో కేంద్ర స్థానానికి వచ్చినప్పుడు ఈ పాత్రలు పుట్టాయి. జపాన్‌లో తెల్లపూత పాత్రలకు మొదలు ఇవేనని, పూత కింద కుంచెతో బొమ్మ గీయడం కూడా వీటితోనే మొదలైందని చెబుతారు. ఆ బొమ్మలు గొప్ప చిత్రకళ ఏమీ కాదు. ఇనుప మన్నుతో గీసిన నాలుగు గడ్డి పరకలు, ఒక కంచె, ఒక వెదురు మొలక, అంతే. వాటి మీద పాలమీగడలా పూత పరుచుకుని, అక్కడక్కడ సూది గుచ్చినట్లు చిన్న గుంటలు పడి, పూత పలచబడిన అంచుల దగ్గర నిప్పు సెగ తగిలిన చర్మంలాంటి ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపును జపనీయులు ‘హి-ఇరో’ అంటారు, నిప్పు రంగు అని అర్థం. గుంటలు పడిన ఉపరితలాన్ని ‘యుజు-హదా’ అంటారు. యుజు మన దబ్బపండుకు దగ్గరి చుట్టం, దాని తొక్కలా ఉంటుందని ఆ పేరు. టోక్యోలోని మిత్సుయి స్మారక మ్యూజియంలో ఉన్న ‘ఉనోహనగాకి’ అనే షినో గిన్నె జపాన్ జాతీయ నిధి. జపాన్‌లోనే తయారై ఆ హోదా పొందిన తేనీటి గిన్నెలు రెండే రెండు; రెండోది హోనామి కోఎత్సు అనే పాతకాలపు కళాకారుడు చేసిన ‘ఫుజిసాన్’.

1930 వరకు పండితులు, వర్తకులు అందరూ ఈ పాత్రలు సెతోలో కాలినవని నమ్మారు. ఆ నమ్మకానికి కారణం లేకపోలేదు. నేటి ఐచి ప్రిఫెక్చర్‌లోని సెతో మధ్యయుగం నుంచి పేరున్న కుమ్మరి కేంద్రం. తూర్పు జపాన్‌లో పింగాణీ, మట్టి పాత్రలన్నిటికీ కలిపి ‘సెతోమోనో’ అనే వాడుక పేరు స్థిరపడిపోయింది. అదే కాలపు పసుపు పూత పాత్రల పేరు ‘కి-సెతో’, నల్లని వాటి పేరు ‘సెతో-గురో’. పేర్లలోనే ఊరు పలుకుతుంటే వేరే ఊరు వెతకాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? షినోను మళ్లీ చేయాలనుకున్నవారు కూడా సెతో మన్నుతో, తమ కాలపు ఆవాల్లో ప్రయత్నించేవారు. తెల్లగా వచ్చేది, పాత పాత్రకు మాత్రం దగ్గరయ్యేది కాదు.

ఒక ఎర్రని మచ్చ

అరకావా 1894లో గిఫు ప్రిఫెక్చర్‌లోని తాజిమి ప్రాంతంలో పుట్టాడు. ఇది పాత మినో ప్రాంతం. సెతోకు ఉత్తరాన, కొండవరసకు అవతలి వైపు ఉంటుంది. ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో మినో అంటే చౌకైన పింగాణీ గిన్నెలను రాశులుగా తయారుచేసే చోటు. తర్వాత ఆయన క్యోటోలో మియానగా తోజాన్ అనే కుమ్మరి దగ్గర పని చేసి, 1927లో కితావోజి రోసాన్‌జిన్ కామకురాలో నెలకొల్పిన హోషిగావోకా ఆవానికి వెళ్లాడు. రోసాన్‌జిన్ వంటకు, పాత్రకు పెళ్లి చేసిన మనిషి. టోక్యోలో తన భోజనశాలకు కావలసిన పాత్రలన్నీ తన ఆవంలోనే చేయించేవాడు. ఆ పనిలో భాగంగా పాత పాత్రలను చేతిలోకి తీసుకుని పరీక్షించే అవకాశం అరకావాకు దొరికింది. మామూలు కుమ్మరికి అది దొరకని అదృష్టమని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే మంచి తేనీటి గిన్నెలన్నీ ధనిక కుటుంబాల పెట్టెల్లో పట్టుగుడ్డ చుట్టుకుని ఉండేవి.

1930 ఏప్రిల్‌లో రోసాన్‌జిన్ పాత్రల ప్రదర్శన కోసం ఇద్దరూ నగోయాలో ఉన్నారు. అప్పుడే ఒక పాత కుటుంబం దగ్గరున్న ‘తమగావా’ అనే షినో గిన్నెను చూసే అవకాశం వచ్చింది. దాని మీద వెదురు మొలకల బొమ్మ ఉంది. అరకావా గిన్నెను బోర్లించి చూస్తే, అడుగు వలయం లోపలి వైపున కొద్దిగా ఎర్రని మన్ను అంటుకుని కనిపించింది.

ఇక్కడ ఆగి ఆ మచ్చ ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు మొత్తం దాని మీదే నిలబడింది. షినో పూత మందంగా ఉంటుంది, కరిగినప్పుడు కిందికి జారే ప్రమాదం ఉంటుంది. అందుకని అడుగున పూత వేయకుండా వదిలి, గిన్నెను నేరుగా పెట్టకుండా చిన్న మట్టి ముద్దలు గానీ, మట్టి చుట్టు గానీ కింద ఉంచి కాలుస్తారు. మా వర్క్‌షాపుల్లో దాన్ని వ్యాడింగ్ అంటాం. కాల్పు అయ్యాక ముద్దను కొట్టి తీసేసినా ఎంతో కొంత పెంకు అడుగుకు పట్టుకుని మిగులుతుంది. పాత్ర చేసే మన్నును కుమ్మరులు మంచిది ఎక్కడ దొరికితే అక్కడి నుంచి బండ్ల మీద తెప్పించుకుంటారు. ముద్ద పెట్టే మన్నును మాత్రం ఎవరూ బండికెత్తి తేరు. ఆవం పక్కన పారతో తవ్వితే వచ్చేదే వాడతారు. కనుక గిన్నె ఒంటి మన్ను కంటే ఈ పనికిమాలిన ముద్ద మన్నే ఆవం చిరునామాను నిక్కచ్చిగా చెబుతుంది. ఇది అరకావా మాటగా కాక నా వ్యాఖ్యానంగా తీసుకోండి. కానీ అలాంటి ఎర్ర మన్ను సెతోలో వాడరు కదా అన్న అనుమానం ఆయనకు కలిగిందన్నది ఆయన స్వయంగా చెప్పుకున్న సంగతి.

కొద్ది రోజుల్లోనే ఆయన తాను పుట్టి పెరిగిన వైపు వెళ్లి, కుకురి గ్రామం దగ్గరి ఓగాయా కొండల్లో ముతబోరా అనే చోట పాత ఆవపు దిబ్బను గాలించాడు. పగిలినవి, వంగినవి, పూత ఊడినవి పారబోసిన చోటు అది. ప్రతి కుమ్మరి ఇంటి వెనకా ఉండే పెంకుల కుప్ప లాంటిదే, కాకపోతే దాని వయసు మూడు శతాబ్దాలు. అందులో వెదురు మొలక బొమ్మ ఉన్న షినో పెంకు ఒకటి దొరికింది. ‘తమగావా’ మీద ఉన్న బొమ్మే. దాంతో షినో కాలింది సెతోలో కాదని, మినో కొండల్లోనని తేలింది. తర్వాత జరిగిన తవ్వకాల్లో కి-సెతో, సెతో-గురో, ఆకుపచ్చ పూతకు పేరున్న ఒరిబే పాత్రల ఆవాలు కూడా ఆ పరిసరాల్లోనే బయటపడ్డాయి. ‘ఉనోహనగాకి’ కూడా ముతబోరాలోనే కాలిందని పండితులు భావిస్తారు.

ఆవం కట్టి మొదలుపెట్టడం

1933లో అరకావా కామకురా వదిలి ఓగాయాకు వచ్చేశాడు. పాత ఆవం దిబ్బ పక్కనే, కొండవాలులో సగం నేలలోకి దిగి ఉండే ఒకే గది ఆవాన్ని పాత పద్ధతిలో కట్టాడు. అప్పటికి ఆ ప్రాంతంలో ఇంకా వేగంగా, తక్కువ కట్టెతో, నష్టం లేకుండా కాల్చే ఆవాలు ఎన్నో ఉన్నాయి. వాటిని కాదని గుహలాంటి దాన్ని కట్టుకోవడం చూసి ఇరుగుపొరుగు కుమ్మరులు ఏమనుకుని ఉంటారో ఊహించగలను. మొదటి కాల్పు పాడైంది. తర్వాతివి కూడా వెంటనే కుదరలేదు. 1935 నాటికి తనకు తృప్తి కలిగించిన సాకే అనే బియ్యపు మద్యం తాగే ఒక షినో గిన్నె, ఒక సెతో-గురో తేనీటి గిన్నె వచ్చాయి. వాటిని కామకురా తీసుకెళ్లి చూపిస్తే రోసాన్‌జిన్ మెచ్చుకుని తిరిగి వచ్చేయమన్నాడు. అరకావా ఓగాయాలోనే ఉండిపోయాడు. యుద్ధం ముగిశాక, 1946లో, తాజిమి దగ్గర కొకేయిజాన్‌లో సుయ్‌గెత్సు అనే మరో ఆవాన్ని నెలకొల్పాడు. అది అనేక గదుల ఆవం, ఇతర రకాల పాత్రల కోసం.

పూత విషయానికి వస్తే, షినో పూతలో దాచడానికి ఏమీ లేదు. అది దాదాపు పూర్తిగా ఫెల్డ్‌స్పార్ రాయి పొడి. మినో కుమ్మరులకు మిజునామి దగ్గరి కమాదో ఫెల్డ్‌స్పార్ ఇంటి దినుసు. మా దగ్గర గూడూరు నుంచి, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే ఫెల్డ్‌స్పార్ కూడా అదే కుటుంబం. రాయి పొడి చేసి నీళ్లలో కలిపి మందంగా ముంచడం ఎవరైనా చేస్తారు. కష్టమంతా మిగతా రెండింటిలో ఉంది.

మొదటిది మన్ను. మినోలో దొరికే ‘మొగుసా’ మన్ను ఇనుము తక్కువగా ఉండి లేత రంగులో ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువ, జిగురు తక్కువ, ఎంత కాల్చినా రాయిలా బిగుసుకోదు. సారె మీద పెడితే చెయ్యి చెప్పినట్లు లేవదు. అంచు చిట్లుతుంది, గోడ వంకర పోతుంది. మొమొయామా గిన్నెల్లో మనం మెచ్చుకునే వంకరలో కొంత సౌందర్య దృష్టి ఉంది, కొంత ఈ మన్ను మొండితనమూ ఉంది. ఇంకో గుణం ఉంది: కాలాక కూడా దాని ఒళ్లు కాస్త గుల్లగా ఉండటం వల్ల గిన్నె చేతికి తేలికగా తగులుతుంది, లోపలి తేనీటి వేడి పట్టుకున్నవాడి అరచేతిని కాల్చదు.

రెండోది నిప్పు. ఫెల్డ్‌స్పార్ నీళ్లలా కరిగే పదార్థం కాదు. 1150 డిగ్రీలు దాటాక కూడా అది చిక్కటి పాకంలా ఉంటుంది. లోపలి గాలి బుడగలు పైకి రావడానికి, వచ్చి పగిలిన చోట గుంట కొంత పూడటానికి గంటల కొద్దీ సమయం కావాలి. పాత ఆవం పెద్దది, నేలలో సగం కూరుకుని ఉంటుంది, ఎర్ర పైన్ కట్టెతో రోజుల తరబడి నెమ్మదిగా వేడెక్కుతుంది, అంతకంటే నెమ్మదిగా చల్లారుతుంది. ఆ చల్లారే దశలో గాలి తిరిగి లోపలికి చేరినప్పుడు, మన్నులోని కొద్దిపాటి ఇనుము పూత పలచగా ఉన్న చోట ఆక్సిజన్‌ను పట్టుకుని ఎర్రబడుతుంది. అంటే హి-ఇరో పుట్టేది కట్టె వేయడం ఆపేసిన తర్వాత.

ఇదంతా కేవలం నా ఆవం అనుభవం నుంచి చెప్పే మాట కాదు. మినో చరిత్రలోనే దీనికి ఒక నిదర్శనం ఉంది. 17వ శతాబ్దం మొదట్లో కాతో కాగెనోబు అనే కుమ్మరి కరాత్సు ప్రాంతం నుంచి మెట్లమెట్లుగా గదులుండే కొత్త రకం ఆవాన్ని మినోలోని కుజిరికి తెచ్చాడు. మొతోయాషికి ఆవంగా దాని శిథిలాలు నేటికీ ఉన్నాయి. అది వేగంగా వేడెక్కుతుంది, ఒక కాల్పులో ఎక్కువ పాత్రలు పడతాయి. అదే మన్ను, అదే రాయి, అదే కుమ్మరులు; ఆవం మారగానే షినో పూత పలచగా, నిగనిగలాడుతూ, పూత కింది బొమ్మ స్పష్టంగా కనిపించేలా మారిపోయింది. దాన్ని షినో-ఒరిబే అని వేరే పేరుతో పిలుస్తారు. మందపాటి మీగడ పూత కొద్ది కాలంలోనే కనుమరుగైంది. మెరుగైన యంత్రం రావడం వల్ల ఒక పని చచ్చిపోవడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ నాకు తెలియదు. అరకావా పాత ఆవాన్నే కట్టుకోవడంలో ఛాందసం ఏమీ లేదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

సెతో-గురో గురించి ఒక్క మాట. ఆ నలుపు రావాలంటే పూత కరిగి ఎర్రగా మండుతున్న గిన్నెను ఇనుప పట్టకారుతో ఆవంలోంచి బయటికి లాగాలి. ఉన్నపళంగా చల్లారితే నలుపు. ఆవంలోనే వదిలేస్తే అదే పూత గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత గిన్నెల మీద పట్టకారు గుర్తు కనిపించడం మామూలే.

గుర్తింపు, ఆ తర్వాతి తరం

1950లో జపాన్ సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం చేసింది. ఆ చట్టం కిందే చేతిపనులను కాపాడే నిపుణులను గుర్తించడం మొదలై, 1955లో మొదటి విడతగా నలుగురు కుమ్మరులకు ఆ హోదా ఇచ్చారు. జనం దాన్ని ‘సజీవ జాతీయ నిధి’ అంటారు. హమాదా షోజి, తోమిమోతో కెన్‌కిచి, ఇషిగురో మునెమారోలతో పాటు, షినో, సెతో-గురో రెండింటికీ కలిపి అరకావా ఆ జాబితాలో ఉన్నాడు. 1971లో ఆయనకు ప్రభుత్వం సాంస్కృతిక పతకం ఇచ్చింది. 1985లో కన్నుమూశాడు. ముతబోరాలో ఆయన పని చేసిన చోట ఇప్పుడు ఆయన పేరిట మ్యూజియం ఉంది.

ఈ పునరుద్ధరణల వెనక ఒక చీకటి కోణం కూడా ఉంది, దాన్ని దాటేసి రాస్తే కేసు పూర్తి కాదు. పాత పద్ధతి నిజంగా చేతికి వచ్చినవాడు చేసిన పాత్రను పాతదాని నుంచి వేరు చేయడం ఎలా? 1294 నాటి తేదీ చెక్కి ఉన్న ‘ఎయినిన్ జాడీ’ని 1959లో ముఖ్య సాంస్కృతిక సంపదగా ప్రకటించారు, అది సెతో కుమ్మరి కాతో తోకురో ఆధునిక కాలంలో చేసిందని బయటపడి, 1961లో ఆ ప్రకటనను రద్దు చేయాల్సి వచ్చింది. అరకావా తన గిన్నెలను తన గిన్నెలుగానే బయటపెట్టాడు. వాటిలో మొమొయామా పోలిక ఉంటుంది, కానీ దగ్గరగా చూస్తే గోడ కాస్త మెత్తగా, నిదానంగా లేస్తుంది. పాత గిన్నెలోని దూకుడు ఉండదు. కొందరు విమర్శకులకు అది లోపం, నాకు అది సంతకం.

షినోకు తర్వాత సజీవ జాతీయ నిధి అయిన సుజుకి ఒసాము 1934లో తోకిలో పుట్టాడు, 1994లో ఆ హోదా పొందాడు. ఆయన కాల్చేది గ్యాస్ ఆవంలో. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నాకు కొంత చిరాకు వేసింది: గ్యాస్‌తో వచ్చేదైతే అరకావా గుహ కట్టి రెండేళ్లు ఎందుకు పాట్లు పడ్డట్లు? తర్వాత నా ఆవం దగ్గర కూర్చుని ఆలోచిస్తే సమాధానం దొరికింది. పాత ఆవం ఏం చేస్తోందో అరకావా కట్టి చూపించాడు కాబట్టే, ఆ పనిని గ్యాస్‌తో చేయించడం తర్వాతి తరానికి వీలైంది. ఎంత మెల్లగా వేడెక్కాలి, ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎలా చల్లార్చాలి అన్నవి తెలిశాక, వేడి కట్టె నుంచి వచ్చిందా, సిలిండర్ నుంచి వచ్చిందా అన్నది రెండో ప్రశ్న.

నా ఆవంలో

మాకు తెలిసిన చెరువు మన్ను షినోకు పనికిరాదు. కుండలకు, దీపాలకు అంత మంచి మన్ను లేదు. కానీ అందులో ఇనుము ఎక్కువ, 1100 డిగ్రీల దగ్గర నా ఆవంలో అది మోకాళ్ల మీద కూలిపోయినట్లు కుంగింది. అందుకని జిగురెక్కువ ఉండే ద్వారకా తిరుమల బాల్ క్లే, ఎక్కువ వేడిని తట్టుకునే ఫైర్ క్లే, జల్లెడ పట్టిన ముతక ఇసుక కలిపి మొగుసాకు దగ్గరగా ఉండే మన్ను తయారుచేసుకున్నాను. మొదట బాల్ క్లే ఎక్కువ వేశాను, ఎందుకంటే సారె మీద హాయిగా లేస్తుంది. ఆ హాయి కాలాక శాపమైంది. గిన్నె ఒళ్లు గట్టిబడి, బరువెక్కి, పూత దాని మీద చైనా పింగాణీలా కూర్చుంది. ఇసుక పెంచి, బాల్ క్లే సగానికి తగ్గించాక అంచులు చిట్లడం మొదలైంది, గిన్నెలు బాగుపడ్డాయి.

పూతలో నూటికి ఎనభై పాళ్లు పొటాష్ ఫెల్డ్‌స్పార్, మిగతా మన్ను. రెండేళ్ల కింద ఒక సరఫరాదారు పొటాష్ అని రాసిన బస్తాలో సోడా ఫెల్డ్‌స్పార్ పంపాడు. సోడా రకం 1120 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. ఆవం తెరిచేసరికి పన్నెండు గిన్నెల పూత జారి అడుగున మడుగు కట్టి, షెల్ఫ్‌కు అతుక్కుపోయింది. ఉలితో కొడితే షెల్ఫ్ పగిలింది కానీ గిన్నె ఊడలేదు. అప్పటి నుంచి కొత్త బస్తా వచ్చిందంటే చెంచాడు పొడిని ముద్ద చేసి ఒక పలక మీద పెట్టి కాల్చి, ఎంత పరుచుకుందో చూశాకే వాడుతున్నాను.

ఎరుపు కోసం నేను మొదటి మూడేళ్లు తప్పు చోట వెతికాను. పూతలో ఇనుము కలిపాను, మన్ను మీద ఎర్ర మన్ను పలచగా పూశాను. రంగు వచ్చింది, కానీ అది పూసిన రంగులా కనిపించింది. చిన్న గ్యాస్ ఆవం గోడలు పలచన, బర్నర్ ఆపితే ఐదారు గంటల్లో చెయ్యి పెట్టేంత చల్లబడేది. నేను వేడెక్కించడం గురించే లెక్కలు రాసుకున్నాను తప్ప చల్లార్చడానికి నోట్‌బుక్‌లో ఒక గడి కూడా పెట్టలేదు. నిరుడు ఆవం చుట్టూ సిరామిక్ ఫైబర్ మరో పొర వేసి, 1220 దగ్గర నాలుగు గంటలు పట్టి ఉంచి, తర్వాత చిన్న బర్నర్ ఒకటి వెలిగించి ఉంచుతూ 1100 నుంచి 850 వరకు దిగడానికి పద్నాలుగు గంటలు తీసుకున్నాను. ఆవంలో గాలిని అదుపు చేసే మూతను, అంటే డ్యాంపర్‌ను, కొద్దిగా తెరిచి గాలిని రానిచ్చాను.

ఆ కాల్పులో పద్దెనిమిది గిన్నెలు పెట్టాను. నాలుగింటి అంచు మీద, పూత ముంచేటప్పుడు నా వేళ్లు పట్టుకున్న చోట, నేను ఏమీ పూయని ఎరుపు వచ్చింది. మిగతా పద్నాలుగు తెల్లగా, శుభ్రంగా, నిరుత్సాహంగా ఉన్నాయి; అవన్నీ డ్యాంపర్‌కు దూరంగా, వెనక వరసలో కూర్చున్నవి. నాలుగింటిని బోర్లించి చూశాను. వ్యాడింగ్ కోసం షెడ్డు వెనక గుంటలోంచి తవ్వి వాడిన ఎర్ర మన్ను, ఒకదాని అడుగు వలయం లోపల చిన్న పెంకుగా అంటుకుని ఉంది. దాన్ని గీకకుండా అలాగే వదిలేశాను.